పాచి పెంచడమే నా ఉద్యోగం

ముప్పై ఏళ్లకు పైగా నీళ్లు చూసి బతికినవాణ్ని నేను. చెరువు నీళ్లు, కాలువ నీళ్లు, మురుగు నీళ్లు, ఏ నీళ్లయినా సీసాలో పట్టి, రంగు చూసి, వాసన చూసి, మందు కలిపి, లెక్క రాయడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, "మీ రోజుల్లో ఎట్లా ఉండేది సార్?" అని అడుగుతుంటారు. ప్రమోషన్ల కథ చెబితే వాళ్లకు ఆవులింతలు వస్తాయి, నాకూ వస్తాయి. నేను నేర్చుకున్నదాంట్లో ముప్పాతిక వంతు 1960ల్లో, చేరిన మొదటి రెండేళ్లలోనే, తోటపల్లి గూడూరు దగ్గర ఒక రెడ్డిగారి పొలం మూలన నేర్చుకున్నాను. అందులోనూ సగం నా పిరికితనం వల్ల నేర్చుకున్నదే. అది దాచిపెట్టి మిగతాది రాస్తే మీకు ఉపయోగం లేదు.

పాచిపని

మా నాయనకు నెల్లూరులో చిన్న గుడ్డల అంగడి ఉండేది. నన్ను వృక్షశాస్త్రంలో డిగ్రీ చదివించాడు. చదువు కాగానే ఒక ప్రభుత్వ పథకంలో ఫీల్డ్ అసిస్టెంటు కావాలంటే వెళ్లాను. అక్కడి ఆఫీసరు వరదాచారి గారు నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగారు.

"పాచి అంటే అసహ్యమా?"

"లేదండీ."

"అయితే రేపు వచ్చి చేరండి."

ఇంటికి వచ్చి చెప్పాను. మా నాయన గుడ్డ కత్తిరిస్తున్నవాడు కత్తెర పక్కన పెట్టాడు.

"ఏం పనిరా?"

"పాచి పెంచాల నాయనా."

"మన వీధి చివర కాశింబీ ఒక్క అక్షరం రాకుండానే నాలుగిళ్లల్లో పాచిపని చేసుకుంటా ఉండాది. దానికోసరం నిన్ను బీఎస్సీ దాకా చదివించాల్నా?" అన్నాడు.

అంట్లు తోమే పని కాదనీ, నీళ్లలో పుట్టే పాచి అనీ చెప్పాను. దాంతో ఆయన దిగులు ఇంకా పెరిగింది.

సంగతేమిటంటే, అప్పుడప్పుడే మా జిల్లాలో సీమ ఎరువుల, అంటే రసాయన ఎరువుల, వాడకం ఊపందుకుంటోంది. చేనుకు వేసిన ఎరువంతా వరి తినదు. మిగిలింది నీళ్లలో కరిగి, మురుగు కాలువలో పడి, పల్లంలో ఉన్న గుంటల్లోకి చేరుతుంది. ఆ నీళ్లను ముందే లోతు తక్కువ మడుల్లో నిలబెట్టి, కంటికి కనిపించనంత సన్నటి పాచిని అందులో పెంచితే, అది ఆ ఎరువును తినేసి నీళ్లను శుభ్రం చేస్తుంది. ఇదీ మా పథకం.

వరదాచారి గారు మద్రాసు నుంచి వచ్చినవారు. ఆయన తెలుగులో సగం పుస్తకాల భాష, సగం అరవం. "చూడప్పా బాషా, పాచి కొత్తల్లుడు మాదిరి. పెట్టింది తింటుంది, కూర్చున్న చోటే ఒళ్లు చేస్తుంది, ఏ పనీ చెప్పనక్కర్లేదు," అనేవారు. సూక్ష్మదర్శిని కింద చుక్క నీళ్లు పెడితే అందులో ఉన్న పాచి రకాలను పేర్లు పెట్టి పిలిచేవారు. ఆఫీసులో ఆయనను మించినవాడు లేడు. కానీ ఆఫీసు దాటితే ఆయన బూట్లు గట్టు దిగేవి కావు. అద్దంలా మెరిసే నల్లబూట్లు అవి. గట్టు మీద నిలబడి చేత్తో చూపిస్తే నేను మోకాలి లోతు దిగి నీళ్లు పట్టేవాణ్ని. ఆయన బూట్లను చూసి నేను చాలాసార్లు నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు.

రెడ్డిగారు, చెంగమ్మక్క

పెంచలరెడ్డి గారిది మెరక మీద పెద్ద మాగాణి. మనిషి మంచివాడే, కానీ ఎరువు విషయంలో చెయ్యి నిలిచేది కాదు. గుప్పెడు చల్లమంటే దోసెడు, దోసెడంటే గంపెడు. "పైరు నల్లంగా నిగనిగలాడాల," అనేవాడు. ఆయన పొలం మురుగంతా పోయి పడేది చెంగమ్మ గుంటలో.

చెంగమ్మక్క మొగుడు ఉప్పు మడుల్లో పనికి పోయేవాడు. గుంటనూ, నాలుగు బర్రెలనూ ఆమె చూసుకునేది. బర్రెలు ఆ నీళ్లే తాగేవి. గుంటలో బొచ్చె, శీలావతి చేపలు పెంచేది. నేను మొదటిసారి ఆ ఊరికి పోయినప్పుడు వాళ్లిద్దరూ గట్టు మీద నిలబడి అరుచుకుంటున్నారు.

"రెడ్డీ, నీ ఎరువంతా నా గుంటలోకే వస్తా ఉండాది. నా బర్రెలు నీళ్లు వాసన చూసి మొహం తిప్పుకుంటా ఉండాయి!"

"నేను నా చేలో ఏసుకున్నా. నీళ్లు పల్లానికి పోతే నన్నేం చెయ్యమంటావు? పొయ్యేటప్పుడు నన్నడిగి పోయినాయా?"

"నీ బర్రె నా దొడ్లోకొచ్చి మేస్తే అట్టనే అంటావా? దానికదే నడిచొచ్చిందంటావా?"

రెడ్డిగారు నావైపు తిరిగాడు. "నువ్వెవురయ్యా?"

పాచి పెంచడానికి వచ్చానని చెప్పాను. తగువులో ఉన్న ఇద్దరూ ఒక్కసారిగా కలిసిపోయి నన్ను చూసి నవ్వారు. ఆ రోజు నుంచి ఆ ఊళ్లో నా పేరు పాచి బాషా.

మడులు తవ్వడానికి రెడ్డిగారి పొలం మూలన జాగా కావాలి. ఆయన మొదట ససేమిరా అన్నాడు. వరదాచారి గారు వచ్చి, "మీ పేరుతో పెద్ద బోర్డు పెట్టిస్తాం," అన్నారు. రెడ్డిగారు గొంతు సవరించుకుని, "ఎంత పెద్దది?" అని అడిగాడు. మడుల కంటే ముందు బోర్డు వచ్చింది. పథకం పేరు చిన్న అక్షరాల్లో, రెడ్డిగారి పేరు రోడ్డు మీద పోయే బస్సులోంచి చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో. దాని కొయ్యకు చెంగమ్మక్క బర్రెలు రోజూ వచ్చి వీపు రుద్దుకునేవి. రెడ్డిగారు కర్ర పట్టుకుని వాటిని తరిమేవాడు.

మూడు మడులు తవ్వించాం. ఆఫీసులో పెంచిన పాచినీళ్లను గాజుజాడీలో పోసుకుని బస్సులో వచ్చాను. కండక్టరు జాడీని తేరిపార చూసి, "ఏంది సార్, గోంగూర రసమా? మూత గట్టిగా పెట్టుకోండి," అన్నాడు. ఆ జాడీ మొదటి మడిలో పోసిన పది పన్నెండు రోజులకు మూడు మడులూ పచ్చగా, చిక్కగా, పెసరపిండి కలిపినట్టు అయ్యాయి. మూడో మడి నీళ్లను జాడీలో ఆఫీసుకు తీసుకుపోయి, పాచి పేరి అడుక్కు దిగాక పైతేట తీసి పరీక్ష చేస్తే, వచ్చిన ఎరువులో చాలా భాగం పోయింది. ఉద్యోగంలో చేరాక నేను పొంగిపోయింది ఆ రోజే.

రెడ్డిగారు మాత్రం కుంగిపోయాడు. "ఊరంతా నవ్వతా ఉండారయ్యా బాషా. పైన నా పేరు, కింద పాచి. మా అల్లుడు చూసి, మామా, బోర్డు తిప్పి పెట్టగూడదా అన్నాడు."

ఆ మాటను నేను నవ్వి వదిలేశాను. పనిలో మొదటి తప్పు అక్కడే చేశాను. పని ఎవరి నేల మీద జరుగుతోందో, ఆ మనిషికి ఆ పని అర్థమయ్యేలా చెప్పాలి. నేను చెప్పలేదు. బోర్డు ఉంది కదా, చాలుననుకున్నాను.

అద్దంలాంటి నీళ్లు

వరదాచారి గారు తనిఖీకి వస్తానన్నారు. ఆయనను తీసుకురావడానికి నేను నెల్లూరు వెళ్లి, మరునాడు పొద్దున్నే జీపులో ఆయనతో కలిసి వచ్చాను. దారి పొడుగునా నా పచ్చటి మడుల గురించి వర్ణించాను.

జీపు దిగి చూస్తే మడుల్లో నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున మట్టి కనపడుతోంది. ఒక కప్ప ఈదుతుంటే దాని నీడ కూడా కనపడుతోంది. రెడ్డిగారు గంజి పెట్టిన పంచె, పైన జరీ కండువాతో బోర్డు కింద నిలబడి ఉన్నాడు.

నేను ఆయన పక్కకు చేరి గుసగుసగా అడిగాను. "రెడ్డిగారూ, నా పాచి ఏమైంది?"

"ఎత్తిపోయించినా," అన్నాడు గర్వంగా. "పదిమంది మనుషుల్ని పెట్టి నిన్నంతా తోడించినా. మడులు కడిగించి మంచి కాలవనీళ్లు పెట్టించినా. పెద్దాఫీసరు వస్తా ఉంటే పాచి చూపిస్తామా? నువ్వు చిన్నోడివి, నీకు తెలవదు."

"తోడింది యాడ పోసినారు?"

"మురుక్కాలవలో. ఇంకెక్కడ పోస్తారు?"

అంతలో గట్టు మీద నుంచి వరదాచారి గారి గొంతు వినపడింది. "బ్రమాదం! ఎంత స్వచ్ఛం!" ఆయన భాషలో బ్రమాదం అంటే భేష్ అని. "బాషా, చూస్తివా? థియరీ ఎక్కడా తప్పలేదప్పా!"

నేను నోరు తెరిచాను. చెప్పాలనే తెరిచాను. ఆయన నా భుజం తట్టారు. చేరిన ఆర్నెల్లలో అదే మొదటిసారి. "సీసాలో పట్టు," అన్నారు. నేను మడిలోకి దిగి, కాలువ నీళ్లను సీసాలో పట్టి, చీటీ మీద 'శుద్ధి అయిన నీరు' అని నా చేత్తోనే రాసి అతికించాను. పావుగంట పట్టిందేమో ఆ పనంతా. ఆ పావుగంటలో నిజం చెప్పడానికి కనీసం నాలుగు అవకాశాలు వచ్చాయి. నాలుగింటినీ వదిలేశాను. ఆయన బూట్లు విప్పి మడిలో కాలుపెట్టి ఉంటే, కడిగిన మట్టి చూసి ఒక్క క్షణంలో కనిపెట్టేవారు. కానీ కాలుపెట్టిన నేను నోరు మూసుకున్నాక ఆయన బూట్లను తప్పుపట్టడం ఏమిటి?

ఆఫీసుకు పోయి పరీక్ష చేస్తే నీళ్లు బంగారంలా తేలాయి. తేలవా మరి? ఆయన పై ఆఫీసుకు ఒక ఉత్తరం రాశారు. అందులో నా పేరు కూడా ఉంది.

గంపలో వచ్చిన ఫిర్యాదు

ఐదు రోజులు మబ్బు పట్టింది. ఆరో రోజు పొద్దున చెంగమ్మక్క మొదటి బస్సుకు నెల్లూరు వచ్చి, అడ్రసు అడుక్కుంటూ ఆఫీసుకు చేరింది. నెత్తిన గంప ఉంది. ప్యూను ఆపినా ఆగకుండా తిన్నగా లోపలికి వచ్చి, వరదాచారి గారు ఎవరినీ ముట్టుకోనివ్వని సూక్ష్మదర్శిని బల్ల మీద గంపను దించింది. గంప నిండా చచ్చిన చేపలు.

"చూసుకోండి మీ శుభ్రం," అంది. "పొద్దున్నే పోయి చూస్తే అన్నీ నోళ్లు తెరుచుకుని పైకి తేలతా ఉండాయి. ఒక్క కొర్రమీన్లు తప్ప ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. నీళ్లు పచ్చంగా గెంజి మాదిరి అయిపోయినాయి. బర్రెల్ని మూడు రోజుల్నించి ఊరి బావి కాడికి తోలుకపోతా ఉండా."

వరదాచారి గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "అమ్మా, మా నీళ్లు పరిశుద్ధం. పరీక్ష చేసినాం. దీనికి వేరే కారణం ఉండాల," అన్నారు.

"ఏం కారణం?" అని ఆమె నన్ను అడిగింది. ఆయనను కాదు, నన్ను. "బాషా, నువ్వు చెప్పు నాయనా. నీకు తెలుసు గదా."

రెడ్డిగారు తోడించిన పచ్చనీళ్లన్నీ కాలువ వెంట ఆమె గుంటలోకే పోయాయి. పాచి పగలు ఎండలో ప్రాణవాయువు వదులుతుంది. ఎండ లేనప్పుడు తనే పీలుస్తుంది. మబ్బు పట్టిన ఆ ఐదు రోజుల్లో పాచి కొంత చచ్చి కుళ్లి, బతికింది కూడా ఊపిరి లాగేసి, చేపలకు ఏమీ మిగల్చలేదు. కొర్రమీను పైకొచ్చి గాలి మింగగలదు కాబట్టి అది ఒక్కటే బతికింది. ఇదంతా ఆమె గంప దించగానే నాకు అర్థమైంది.

చెప్పేశాను. కప్ప నీడ దగ్గర నుంచి సీసా మీద చీటీ దాకా మొత్తం చెప్పాను. చెబుతూ బల్ల మీది చేపలనే చూస్తున్నాను, ఎవరి మొహమూ చూడలేదు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. వరదాచారి గారు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నాకూ అనుమానం వచ్చిందప్పా," అన్నారు మెల్లగా. "పాచి పెరిగిన మడిలో అంత తేట ఉండదు. దిగి చూద్దామనే అనుకున్నా. బూట్లు విప్పాలంటే బద్ధకం వేసింది. పైగా తేటగా ఉంటే నాకే బాగుంది."

అట్లాంటి మాట అనగల ఇంకో ఆఫీసరును తర్వాత నేను చూడలేదు. ఆయన మా కళ్లముందే కూర్చుని పై ఆఫీసుకు రెండో ఉత్తరం రాశారు, మొదటిది తప్పని. నా పేరు అందులో రాయలేదు. తప్పు తనదేనని రాశారు.

చెంగమ్మక్కకు ఉత్తరంతో పనేముంది? "మీరు మీరు రాసుకోండి. నా గుంట ఎవురు బాగు చేస్తారు?" అంది.

చిల్లగింజ

గుంట తోడి పూడిక తీయించడానికి రెడ్డిగారి దగ్గరికి వెళ్లాను. ఈసారి ఆయనను మడి దగ్గర కూర్చోబెట్టి, ఎరువు ఎక్కడికి పోతుందో, పాచి ఏం తింటుందో, తోడిపోస్తే ఏమవుతుందో అంతా చెప్పాను. ఆయన విని, "ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను కడిగిస్తానా?" అన్నాడు. నిజమే. తన మనుషులనే పెట్టి చెంగమ్మ గుంట బాగు చేయించాడు.

మళ్లీ పాచి పెంచాం. కానీ అసలు చిక్కు ఇప్పుడు తెలిసింది. పాచి ఎరువును తింటుంది సరే, ఆ పాచిని నీళ్లలోంచి తీసెయ్యకపోతే చచ్చాక తిన్నదంతా మళ్లీ నీళ్లలోనే కక్కుతుంది. ఆఫీసులో జాడీ నీళ్లు కదలకుండా ఉంటాయి కాబట్టి పాచి అడుక్కు దిగేది. ఇక్కడ గాలికి కదిలే మడిలో ఎప్పుడో గానీ దిగదు.

వడకట్టాలనుకున్నాను. మా నాయన అంగడికి వెళ్లి అన్నిటికంటే సన్నటి మల్లుగుడ్డ అడిగాను. పెళ్లికొడుకుల తలపాగాలకు దాచిపెట్టిన తాను అది. "ఎవురికిరా?" అన్నాడు. "పాచికి." మా నాయన కొలత కూడా అడగకుండా చించి ఇచ్చాడు. దిగులులో అదొక మెట్టు.

ఆ గుడ్డలో పచ్చనీళ్లు పోస్తే కింద పచ్చనీళ్లే వచ్చాయి. రెండు మడతలు వేశాను, పచ్చగానే వచ్చాయి. నాలుగు మడతలు వేస్తే నీళ్లు రావడమే మానేశాయి. వరదాచారి గారు గట్టు మీద గొడుగు కింద నిలబడి ఏవో సూత్రాలు చెబుతున్నారు. చెంగమ్మక్క పక్కనే తన ఇంటి ముందు బర్రెలకు కుడితి కలుపుతూ కాసేపు ఈ తమాషా చూసింది.

"ఏం చేస్తా ఉండారు మీరు?"

"నీళ్లలోంచి పచ్చదనం తియ్యాలక్కా."

"వరదనీళ్లు ఎర్రంగా వచ్చినప్పుడు మేం గుడ్డ పెట్టి వడగడతామా? చిల్లగింజ అరగదీసి కలిపితే మడ్డి అడుక్కు దిగిపోతాది. దీనికి మాత్రం దిగదా?"

వరదాచారి గారు గొడుగు దించి, "అది బురదకమ్మా. పాచికి పనిచేయదు. పాచి ప్రాణమున్నది," అన్నారు.

ఆమె కుడితి కలపడం ఆపింది. ఇంట్లోకి పోయి రెండు గింజలు తెచ్చి, సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని కడివెడు పచ్చనీళ్లలో కలిపి, కర్రతో నెమ్మదిగా తిప్పి, మూత పెట్టి తన పనికి తను పోయింది. మేమిద్దరం కడవ దగ్గర కూర్చున్నాం. కూర్చున్నామంటే, ఆయన కూడా మట్టిలోనే కూర్చున్నారు. అన్నం వేళకు ఆమె వచ్చి మూత తీసింది. పైన తేటనీళ్లు. అడుగున పచ్చటి ముద్ద, పెరుగులా పేరుకుని ఉంది.

వరదాచారి గారు కడవలోకి తొంగిచూసి, లేచి, బూట్లు విప్పారు. మేజోళ్లు విప్పి వాటిలో కుక్కారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచారు. "అమ్మా, ఇంకోసారి చేసి చూపించండి. ఈసారి నేను తిప్పుతాను," అన్నారు.

"గట్టిగా తిప్పితే విరిగిపోతాది. మెల్లంగా," అంది ఆమె. ఆయన తిప్పారు. "ఇంకా మెల్లంగా. నిద్దరపొయ్యే బిడ్డను ఊపినట్టు." ముప్పై రకాల పాచిని పేరు పెట్టి పిలవగలిగిన మనిషి ఆ రోజు సాయంత్రం దాకా పలక పట్టుకుని పంతులు ముందు కూర్చున్న పిల్లవాడిలా ఆమె చెప్పినట్టు కర్ర తిప్పారు.

ఎరువు ఎవరిది?

ఆ తర్వాత పని గాడిన పడింది. మడి పక్కన సిమెంటు తొట్టి కట్టించాం. పచ్చనీళ్లు తొట్టిలోకి తోడి, రోట్లో దంచిన చిల్లగింజ కలిపి, తేరిన నీళ్లను చెంగమ్మ గుంటలోకి వదిలేవాళ్లం. వరదాచారి గారు ఎక్కడి నుంచో కుండల్లో చేపపిల్లల్ని తెప్పించి ఆమెకు ఇచ్చారు. బర్రెలు మళ్లీ గుంట దారి పట్టాయి.

అడుగున మిగిలిన పచ్చముద్దను ఏం చేయాలో మా పథకంలో రాసి లేదు. చెంగమ్మక్క దాన్ని తన వంగతోటకు మోసుకుపోయింది. రెండు నెలలకు ఆ వంకాయలు చూడటానికి మనుబోలు నుంచి కూడా జనం వచ్చారు. రెడ్డిగారు కూడా వచ్చి, తోట చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నన్ను పక్కకు పిలిచాడు.

"బాషా, న్యాయం చెప్పు. ఆ పాచి తినింది ఎవురి ఎరువు?"

"మీదే రెడ్డిగారూ."

"అంటే ఆ వంకాయల్లో నా భాగం ఉన్నట్టా, లేనట్టా?"

చెంగమ్మక్కకు వినపడింది. ఒళ్లో ఉన్న వంకాయల్లో నాలుగు తీసి ఆయన చేతిలో పెట్టి, "ఇంద. కూర చేయించుకో. ఇంకా భాగం కావాలంటే ఎరువు ఇంకాస్త ఎక్కువ చల్లు రెడ్డీ, నీ పుణ్యముంటాది," అంది.

ఆ పంట నుంచి రెడ్డిగారు ఎరువు తగ్గించాడు. ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా గుప్పెటకు దిగని మనిషి, తన ఎరువు పక్కింటి వంకాయలకు పోతోందనే బాధతో దిగాడు. నిజానికి నీళ్లు శుభ్రం చేయడంలో పాచి కంటే అదే ఎక్కువ పనిచేసింది. ఈ సంగతి ఏ నివేదికలోనూ రాయలేదు, ఎందుకంటే పథకం పాచిది, అసూయది కాదు.

రెండో ఏడాది చివర పథకం ఎత్తేశారు. వరదాచారి గారు బదిలీ మీద వెళ్లిపోయారు. నన్ను మురుగునీటి పరీక్షలకు వేశారు. మడులు పూడ్చేసి స్థలం రెడ్డిగారికి అప్పగించమని ఉత్తర్వు వచ్చింది. నేనే వెళ్లి చదివి వినిపించాను. రెడ్డిగారు, "అప్పగించినారు గదా, ఇంక నా ఇష్టం," అన్నాడు. పూడ్చలేదు.

చాలా ఏళ్ల తర్వాత, ఆ దారిన పోతూ బస్సు దిగాను. మడులు రెండే ఉన్నాయి, మూడోదాన్ని బర్రెలు తొక్కి చదును చేశాయి. ఆ రెండూ పచ్చగా ఉన్నాయి. తొట్టి దగ్గర రెడ్డిగారు కర్ర పట్టుకుని తిప్పుతున్నాడు, బాగా ముసలివాడయ్యాడు. చెంగమ్మక్క గట్టు మీద నిలబడి అరుస్తోంది.

"మెల్లంగా అని ఎన్నిసార్లు చెప్పాల? విరగ్గొడతా ఉండావు!"

"నాకు తెలుసులే. ఇది పుట్టింది నా పొలంలో!"

నన్ను ఇద్దరూ ఒకేసారి చూశారు. "బాషా వచ్చినాడు, ఆయన్నే అడుగుదాం," అంది ఆమె. "అడుగు, నాకేం భయమా?" అన్నాడు ఆయన. నేను చెప్పులు విప్పి గట్టున పెట్టి, ఆయన చేతిలోని కర్ర తీసుకున్నాను.